తోడేలు మనిషి వాళ్ల నాయన

రండి, మంట దగ్గరికి జరగండి. జనవరి నెలలో నాగార్జునసాగర్ రాత్రులు ఎట్లా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. డ్యామ్ మీది నుంచి వచ్చే తడిగాలి హిల్ కాలనీ వీధులన్నీ తిరుగుతుంది. పొద్దు గూకిన కాసేపటికే ఎవరి వాకిట్లో వాళ్లు నాలుగు కట్టెలు రాజేసుకుంటారు. మంట చుట్టూ చేరిన కబుర్లు వడ్ల ధర దగ్గర మొదలైనా, పిల్లల పెళ్లిళ్ల దగ్గర మొదలైనా, కాసేపటికి దెయ్యాల మీదికి మళ్లుతాయి. ఈ వేళ మనం నేరుగా అక్కడే మొదలుపెడదాం. తోడేలుగా మారిపోయే మనిషి గురించి చెప్పుకుందాం.

‘వుల్ఫ్ మ్యాన్’ అనే ఇంగ్లిష్ సినిమా ఒకటి 2025 జనవరి 17న విడుదలైంది. 1941లో అదే పేరుతో వచ్చిన పాత సినిమాకు ఇది కొత్త రూపం. ఆ వారం మనకు ఇది కంటికి ఆనలేదు. సంక్రాంతికి ‘గేమ్ ఛేంజర్’, ‘డాకు మహారాజ్’, ‘సంక్రాంతికి వస్తున్నాం’ ఒకదాని వెనుక ఒకటి దిగాయి కదా! మిర్యాలగూడలో, కోదాడలో, సూర్యాపేటలో ఎవరి నోట విన్నా ఆ మూడింటి మాటే. పండగ పూట కొత్త బట్టలు కట్టుకుని ఎవరైనా వెంకటేశ్ సినిమాకు పోతారు గానీ, అమెరికాలోని ఒరెగాన్ అడవిలో గోళ్లు పెరిగే మనిషిని చూడబోతారా? అందుకే మా ఇంట్లో దాన్ని తర్వాతెప్పుడో టీవీలో, దీపాలార్పి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం.

సినిమా అయిపోయింది. దీపం వేశాం. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, భయం సినిమాలంటే ప్రాణం పెడతాడు. వాడి మొహం వాడిపోయి ఉంది.

“ఏంది మామా ఇది! తోడేలన్నరు, ఒంటి మీద బొచ్చే లేదు. జబ్బు పడ్డ మనిషి లెక్క ఉన్నడు.”

మా అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. “నీకు బొచ్చు కావాల్నారా? ఆ పిల్ల ‘డాడీ’ అని పిలుస్తుంటే ఆ తండ్రికి ఒక్క మాట కూడా అర్థం కాకపాయె. నాకు అక్కడ కడుపుల దేవినట్టయింది.”

ఇద్దరూ చూసింది ఒకే సినిమా. ఒకరు వేషం చూశారు, ఒకరు తండ్రిని చూశారు. నేను చదివినంతలో, విన్నంతలో, ప్రపంచంలో చాలామంది మా మేనల్లుడి వైపే ఉన్నారు. సినిమా రాకముందే, 2024లో, అమెరికాలోని యూనివర్సల్ వాళ్ల పార్కులో హాలోవీన్ వేడుకల కోసం ఈ కొత్త తోడేలు వేషాన్ని ఒక మనిషికి వేసి తిప్పారు. అది చూసి అప్పుడే పెదవి విరిచినవాళ్లు చాలామంది. సినిమా వచ్చాక ఫిర్యాదులు ఇంకా పెరిగాయి. మరీ చీకటిగా ఉందన్నారు, కథంతా ఒక్క రాత్రిలో ముగిసిందన్నారు, పున్నమి లేదన్నారు, తోడేలు తోడేలులా లేదన్నారు. దర్శకుడు లీ వానెల్ 2020లో ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ తీసి అందరి మెప్పూ పొందినవాడు కాబట్టి ఆశ కూడా పెద్దగానే పెట్టుకున్నారు. ఈసారి వసూళ్లు అంతంత మాత్రం.

నేను మా అక్క పక్షం. ఎందుకో చెబుతాను, వినండి. కథలన్నీ చివరిదాకా చెప్పేస్తాను, ముందే అంటున్నాను, ఆనక నన్ను తిట్టుకోవద్దు.

ముందు పాత సినిమా సంగతి. 1941 డిసెంబరులో విడుదలైంది. జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసి అప్పటికి వారం కూడా కాలేదు. దర్శకుడు జార్జ్ వాగ్నర్, కథ రాసినవాడు కర్ట్ సియోడ్‌మాక్. ఈయన జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లర్ వచ్చాక దేశం విడిచి ఇంగ్లండుకు, అక్కడి నుంచి అమెరికాకు పోయాడు. ఏ తప్పూ చేయని మనిషికి ఒక రోజు హఠాత్తుగా ఒంటి మీద గుర్తు పడుతుంది, ఇక ఆ గుర్తు వాణ్ని బతకనివ్వదు. ఈ ఊహ తన సొంత బతుకులోంచే వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

కథలో లారీ టాల్బట్ అనే యువకుడు పద్దెనిమిదేళ్ల తర్వాత అమెరికా నుంచి వేల్స్‌లోని తండ్రి కోటకు తిరిగి వస్తాడు. అన్న చనిపోయాడు కాబట్టి ఇక ఇంటికి వారసుడు ఇతడే. తండ్రీ కొడుకుల మధ్య పాత దూరం ఉంది, దాన్ని చెరిపేసుకుందామని ఇద్దరూ అనుకుంటారు. ఒక రాత్రి ఒక ఆడమనిషి మీద పడిన తోడేలును లారీ వెండి పిడి ఉన్న చేతికర్రతో కొట్టి చంపుతాడు. ఆ పెనుగులాటలో అది అతణ్ని కరుస్తుంది. అక్కడి నుంచి అతడి బతుకు మారిపోతుంది. నాకు ఏదో అవుతోంది నాన్నా అని కొడుకు చెబుతూనే ఉంటాడు. తండ్రి చదువుకున్నవాడు, పెద్దమనిషి. ఇదంతా మనసు చేసే మాయ అంటాడు. చివరి రాత్రి కొడుకును కుర్చీకి కట్టేసి తాను బయటికి బయల్దేరుతాడు. అప్పుడు కొడుకు తండ్రిని ఒకే ఒకటి అడుగుతాడు, ఆ వెండి పిడి కర్రను వెంట తీసుకుపొమ్మని. తండ్రి తీసుకుపోతాడు. పొగమంచులో మీద పడిన మృగాన్ని ఆ కర్రతోనే కొట్టి చంపుతాడు. చచ్చిపడిన మృగం మొహం మెల్లమెల్లగా మారుతుంది. చూస్తే కొడుకు.

మేకప్ చేసిన జాక్ పియర్స్ గంటల తరబడి కూర్చోబెట్టి, లారీ వేషం వేసిన లాన్ చేనీ జూనియర్ మొహం మీద జడలబర్రె వెంట్రుకలు అతికించాడని అందరూ చెప్పుకుంటారు. నిజమే, ఆ పనితనం గొప్పది. ఆ సినిమాలో మనిషి మొదటిసారి తోడేలు కావడం మనకు కనిపించేది కాళ్ల దగ్గర మాత్రమే. పాదాలు మారతాయి, నడక మారుతుంది. మొహం మారడం కళ్లారా చూపించింది చివర్లో, అదీ తోడేలు మనిషిగా తిరిగి వస్తున్నప్పుడు, తండ్రి కళ్ల ముందు. దర్శకుడు తన చేతిలోని అన్నిటికంటే పెద్ద అస్త్రాన్ని దాచి దాచి ఎక్కడ వాడాడో చూశారా! తండ్రి గుండె పగిలే చోట వాడాడు.

2010లో యూనివర్సల్ వాళ్లే దీన్ని బోలెడు డబ్బు పెట్టి మళ్లీ తీశారు. బెనీసియో డెల్ టోరో కొడుకు, ఆంథనీ హాప్కిన్స్ తండ్రి. మేకప్‌కు రిక్ బేకర్, డేవ్ ఎల్సీ ఆస్కార్ అందుకున్నారు. మా మేనల్లుడికి కావలసిన బొచ్చు అందులో నిండుగా ఉంది. అందులో తండ్రే అసలు తోడేలు. కొడుక్కు అంటించింది ఆయనే. కథ చుట్టూ కత్తులు, రక్తం, పరుగులు ఎక్కువై ఆ తండ్రీ కొడుకుల సంగతి కింద పడి నలిగిపోయింది గానీ, వేరు మాత్రం అదే.

ఇక కొత్తది. 1995లో ఒరెగాన్ కొండల్లో ఒక తండ్రి తన చిన్న కొడుకును వేటకు తీసుకుపోతాడు. కొండజ్వరం లాంటి జబ్బు ఒకటి ఆ ప్రాంతంలో తిరుగుతోందని, అది సోకితే మనిషి మృగమవుతాడని చెప్పుకుంటుంటారు. ఆ తండ్రి కఠినుడు. అడవిలో ఒక్క అడుగు తప్పితే చచ్చిపోతావని కొడుకును గద్దిస్తాడు. ఆ గద్దింపులో ప్రేమే ఉంది, కొడుకుకు చేరేది మాత్రం భయం. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కొడుకు బ్లేక్‌కు ఒక కూతురు. తండ్రిలా ఉండకూడదని గట్టిగా అనుకుంటాడు. అయినా కూతురు రోడ్డు మీద అటూ ఇటూ కదిలితే చాలు, తండ్రి గొంతే తన నోట్లోంచి వస్తుంది. వెంటనే కూతురి ముందు నేల మీద కూలబడి క్షమాపణ అడుగుతాడు. తోడేలు రాకముందే కథ అక్కడ మొదలైపోయింది.

తండ్రి చనిపోయినట్టు కాగితాలు వచ్చాక, భార్యనూ కూతుర్నీ తీసుకుని ఆ పాత ఇంటికి బయల్దేరతాడు. దారిలో ప్రమాదం, చేతికి ఒక గీత. ఇక రాత్రంతా ఇంట్లోనే. మొదట అతడికి చెవులు పదునెక్కుతాయి. పైన ఎవరో ధబధబా నడుస్తున్నట్టు శబ్దం. వెతుక్కుంటూ పోతే గోడ మీద సాలీడు. దాని కాళ్ల చప్పుడు అది! తర్వాత మాట పోతుంది. ఇక్కడ దర్శకుడు చేసిన పని నన్ను కట్టిపడేసింది. మంచం దగ్గర భార్యా కూతురూ ఉన్నారు, మనం వాళ్ల వైపు నుంచి చూస్తున్నాం, వాళ్ల మాటలు వింటున్నాం. కెమెరా మెల్లగా తిరిగి అతడి వైపు వస్తుంది. వెలుగు మారిపోతుంది, వాళ్ల కళ్లు వింతగా మెరుస్తాయి, అప్పటిదాకా విన్న మాటలు అర్థం లేని చప్పుళ్లవుతాయి. మళ్లీ తిరిగి ఇటు వస్తే గది మామూలే, పాప ఏడుస్తూ నాన్నను పిలుస్తోంది. ఒకే గదిలో ఉన్న ముగ్గురి మధ్య ఎవరూ దాటలేని గోడ లేచింది. ఆ గోడను మన కళ్లకు చూపించాడు. దీనికంటే పెద్ద భయం సినిమాలో ఇంకేం కావాలి?

మీ ఇంట్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు ఉన్నారా? మతిమరుపు జబ్బు ముదిరి సొంత కొడుకును ఎవరు నువ్వు అని అడిగిన నాయనమ్మ ఉందా? ఉంటే ఆ సన్నివేశం మీకు ఎక్కడ తగులుతుందో నేను చెప్పనక్కర్లేదు. వానెల్ తన భార్య కార్బెట్ టక్‌తో కలిసి ఈ కథ రాశాడు. కోవిడ్ రోజుల ఒంటరితనం, మనిషిని కొద్దికొద్దిగా తినేసే జబ్బుల భయం ఈ కథ వెనక ఉన్నాయని ఆయనే చెప్పాడు. జబ్బు పడ్డ మనిషి లెక్క ఉన్నాడని మా వాడు తప్పు పట్టాడే, దర్శకుడు కోరుకున్నది సరిగ్గా అదే.

చివరికి తన మీద పడిన మరో తోడేలుతో బ్లేక్ పోరాడి చంపుతాడు. అది ఎవరో కాదు, అడవిలో మాయమై చనిపోయాడనుకున్న తండ్రే. 1941లో తండ్రి చేతిలో కొడుకు, 2025లో కొడుకు చేతిలో తండ్రి. ఎనభై నాలుగేళ్ల తేడాతో కథ తిరగబడింది, వేరు మాత్రం కదల్లేదు.

అయితే ఒక ఫిర్యాదు విషయంలో నేను మా మేనల్లుడితో ఏకీభవిస్తాను. పున్నమిని తీసేయడం పెద్ద నష్టం. మీకో సంగతి తెలుసా? 1941 సినిమాలో నిండు పున్నమి లేదు. అందులో చెప్పింది శరదృతువు వెన్నెల గురించి, ఒక విషపు పువ్వు పూసే కాలం గురించి. 1943లో వచ్చిన తరువాయి సినిమాలో నిండు చందమామ చేరాడు, ఇక ఆ తర్వాత వదల్లేదు. ఎందుకు వదల్లేదంటే, పున్నమి మళ్లీ వస్తుంది. ఒక రాత్రి గడిచాక మనిషి తిరిగి మనిషవుతాడు, తన చేతులకు అంటిన నెత్తురు చూసుకుంటాడు, వచ్చే నెల మళ్లీ ఇది తప్పదని తెలిసి రోజులు లెక్కపెట్టుకుంటాడు. పశ్చాత్తాపానికి, పారిపోవడానికి, ఎవరితోనైనా చెప్పుకోవడానికి ఆ నెల రోజులే చోటు. కొత్త సినిమాలో అంతా తెల్లారేలోపు ముగిసింది. తానేమైపోతున్నాడో తెలుసుకునే వ్యవధి బ్లేక్‌కు దొరకలేదు, అతడితో దుఃఖపడే వ్యవధి మనకూ దొరకలేదు.

పున్నమి అంటే మన సాగర్ లోయకు పాత చుట్టరికం. నీళ్ల కింద మునిగిన విజయపురిలో, ఇక్ష్వాకుల కాలంలో, బౌద్ధ భిక్షువులు పున్నమికీ అమావాస్యకూ ఉపోసథం పాటించేవారు. ఉపవాసం, నియమం, తన తప్పులు తాను ఒప్పుకోవడం. జాతక కథల్లో ఈ ఉపోసథంతో ముడిపడిన తోడేలు కూడా ఒకటి ఉంది. గంగ పక్కన రాతి గుట్ట మీద అది ఉంటుంది. వరద వచ్చి గుట్టను చుట్టుముడుతుంది. పోయే దారి లేదు, తినడానికి ఏమీ లేదు. ఎట్లాగూ పస్తే కదా, ఉపోసథ వ్రతం పట్టి పడుకుందామనుకుంటుంది. దాన్ని పరీక్షించడానికి ఇంద్రుడు మేకగా మారి ఎదుట నిలబడతాడు. వ్రతం ఇంకో రోజు చూసుకోవచ్చని తోడేలు దూకుతుంది. మేక అటు ఇటు గెంతి దొరకదు. సరే, నా వ్రతమేం చెడలేదులే అని తోడేలు మళ్లీ వచ్చి పడుకుంటుంది. లాంచీలో నాగార్జునకొండకు పోయిన ప్రతిసారీ నాకు ఆ గుట్ట మీది తోడేలు గుర్తొస్తుంది. రిజర్వాయరు నిండాక మన కొండ కూడా అట్లాగే నీళ్ల మధ్య దీవి అయింది కదా. ఆకలిని పట్టి ఉంచగలవా అని పున్నమి నెలనెలా వచ్చి అడుగుతుంది. ఆ ప్రశ్న లేకపోతే తోడేలు మనిషి కథలో సగం బలం పోతుంది.

ఇప్పుడు మన సినిమాకు వద్దాం. తోడేలు మనిషి మన తెరకు కొత్త కాదు. 1981లో జాన్ లాండిస్ ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ తీశాడు. అందులో రిక్ బేకర్ మనిషి ఎముకలు సాగి, వెన్ను వంగి తోడేలు కావడాన్ని నిండు వెలుతురులో చూపించాడు. మేకప్‌కు ప్రత్యేకంగా ఏటా ఇచ్చే ఆస్కార్ మొదటిసారి ఆయనకే వచ్చింది. అది చూసే మైకేల్ జాక్సన్ ఆ ఇద్దర్నీ పిలిపించుకుని 1983లో ‘థ్రిల్లర్’ పాట వీడియో చేశాడు. దాని వేడి రెండేళ్లలో మనదాకా వచ్చింది. 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి, రాధ ఆడిన గోలీమార్ పాట గుర్తుందా? అది ‘థ్రిల్లర్’ చూసి పుట్టిందే. చాలా ఏళ్ల తర్వాత అది ఇంటర్నెట్‌లో దేశదేశాలు తిరిగింది. 2022లో హిందీ ‘భేడియా’ మనకు ‘తోడేలు’ పేరుతో వచ్చింది. వరుణ్ ధావన్, అరుణాచల్ అడవి. అందులో తోడేలు అడవికి కాపలాదారు. బాగుంది, పిల్లలు బాగా నవ్వుకున్నారు.

వీటన్నిటికంటే ముందే మనకు ‘పున్నమి నాగు’ ఉంది. 1980, ఏవీఎం వాళ్ల సినిమా, రాజశేఖర్ దర్శకుడు, కన్నడ కథ ఆధారం. చిరంజీవి అప్పటికి ఇంకా మెగాస్టార్ కాలేదు. పాములోళ్ల కుర్రాడు నాగులు వేషం. నాగులుకు చిన్నప్పటి నుంచి తండ్రి పాము విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తాడు. ఆ విషం ఒంట్లో పేరుకుంటుంది. పున్నమి వచ్చిందంటే నాగులు నాగులుగా ఉండడు. అతడి దగ్గరికి చేరిన ఆడపిల్లలు ప్రాణాలతో మిగలరు. తెల్లారితే మళ్లీ మామూలు మనిషి. తనకేమవుతోందో తెలిశాక అతడు పడే బాధ చూడాలి. చిరంజీవి కళ్లతో చేసిన నటన అది. ఆ చూపులో ఆకలీ ఉంది, ఆ ఆకలి మీద అసహ్యమూ ఉంది.

1980లోనే మనవాళ్లు పున్నమిని నిలుపుకున్నారు, మధ్యలోని నెల రోజులనూ నిలుపుకున్నారు, తండ్రినీ కథ నడిబొడ్డున నిలబెట్టారు. ఆ తండ్రికి కొడుకు మీద పగ లేదు. తాను బతికిన బతుకులో పనికొస్తుందనుకున్నదే కొడుకు నోట్లో పెట్టాడు. వేల్స్ కోటలోని తండ్రి, ఒరెగాన్ అడవిలోని తండ్రి, పాములోళ్ల గుడిసెలోని తండ్రి ముగ్గురూ ఒకే తాను గుడ్డ. పిల్లవాడి మేలు కోరి చేసిన పనే పిల్లవాడికి ముప్పయింది.

ఈ మాట నల్లగొండ జిల్లావాళ్లకు ఇంకెవరికంటే ఎక్కువగా తెలుసు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి మళ్లయ్యాయి. అదే పాత జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లు ఏళ్ల తరబడి బోరు నీళ్లే తాగాయి. ఆ నేలలోని రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది, నీళ్లతో పాటు ఎముకల్లోకి చేరి గట్టిపడుతుంది. పిల్లల పళ్లు మచ్చలు పడ్డాయి, కాళ్లు వంకర్లు తిరిగాయి, నడి వయసుకే వెన్ను బిగుసుకుపోయింది. సినిమా వేషాలతో ఆ మనుషులను పోల్చడం నా ఉద్దేశం కాదు, అట్లా పోల్చడం పాపం. నేను చెప్పేది ఆ తల్లుల గురించి. బిడ్డకు జబ్బు చేయకూడదని నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, వడగట్టి పట్టిన తల్లులు ఎందరో. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. ఎంత జాగ్రత్తగా కాచితే అంత ఎక్కువ. ఏ కథకుడూ ఇంతకంటే గుండె కోసే కథ రాయలేడు. ఈ బాధ దేశానికి వినిపించాలనే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. మాయమంత్రాలతో సంబంధం లేని ఈ శాపానికి విరుగుడు నీళ్ల గొట్టం, దాని కోసం పోరాటం. ఆ గొట్టం చాలా ఆలస్యంగా వచ్చింది.

పిల్లలకు చెప్పే కథల్లో కూడా మనం తండ్రిని వదల్లేదు. గొర్రెలు కాసే పిల్లవాడు ఊరికే అరిచి ఊళ్లోవాళ్లను పరిగెత్తించిన కథ ప్రపంచమంతా ఉంది, అక్కడ వచ్చేది తోడేలు, పరిగెత్తుకొచ్చేది ఊరు. మన ఇళ్లల్లో చెప్పే కథలో పిల్లవాడు “నాన్నా, పులి!” అని అరుస్తాడు. పరిగెత్తుకొచ్చేది తండ్రి. ఆఖరిసారి రానిదీ తండ్రే. ఆ కథలో భయమంతా పులి దగ్గర కంటే తండ్రి రాకపోవడం దగ్గరే ఉంది. మా అక్క ఆ రాత్రి కళ్లు ఒత్తుకున్నది ఆ భయానికే.

అసలు తోడేలు సంగతి కూడా చెప్పుకోకపోతే దానికి అన్యాయం చేసినట్టే. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి గొల్లకురుమలు లింగమంతులస్వామి దగ్గరికి లక్షల్లో వస్తారు. ఆ జనంలో వయసు మళ్లిన కాపరి ఒకాయనతో ఒకసారి మాట కలిపాను. తోడేలంటే భయం లేదా తాతా అంటే, “దానికి నా కర్రంటే భయం బిడ్డా, నాకు దాని ఆకలంటే భయం. గొర్రెపిల్లను ఎత్తుకపోతది గనీ మనిషి అలికిడైతే ఆగదు” అన్నాడు. ఉత్తరప్రదేశ్ బహరాయిచ్‌లో 2024లో పసిపిల్లలను పొట్టన పెట్టుకున్న ఘటనలు నిజమే, ఘోరమే. అయినా మన మెట్ట నేలల్లో తోడేలు సామాన్యంగా మనిషికి దూరంగా ఉండే జంతువు. దేశం మొత్తం మీద సుమారు మూడు వేలే ఉంటాయని అంచనా. చిట్టడవులు, బీడు భూములు ప్లాట్లవుతుంటే దానికి నిలబడే చోటు లేదు. ఇంకో మాట. ఆడ తోడేలు పిల్లలతో బొరియలో ఉంటే, మగది వేటాడి, తిన్న మాంసాన్ని కడుపులో మోసుకొచ్చి, పిల్లలు మూతి నాకగానే కక్కి పెడుతుంది. సినిమాల్లో ఇన్నేళ్లుగా చెడ్డ తండ్రికి గుర్తుగా నిలబెట్టిన జంతువు నిజంగా మంచి తండ్రి.

అందుకే నా కోరిక ఒకటి. మన కుర్ర దర్శకులు ఎవరైనా పున్నమి నాగు లాంటి కథను మళ్లీ తీయాలి. దేవరకొండ వైపు రాతి గుట్టల్లో, మన యాసలో తీయాలి. వేషానికి మంచి పనివాళ్లను పెట్టుకోండి, మా మేనల్లుడికీ న్యాయం జరగాలి. పున్నమికీ పున్నమికీ మధ్య రోజులను వదలకండి, ఆ రోజుల్లోనే మనిషి కనిపిస్తాడు. తండ్రి పాత్రకు మీ దగ్గరున్న అందరిలోకీ మంచి నటుణ్ని తీసుకోండి. ఆయన దుర్మార్గుడుగా ఉండకూడదు. కొడుకు పక్కన కూర్చుని ముద్ద కలిపి పెట్టే మనిషిగా ఉండాలి. ఆ ముద్దలో ఏముందో ఆయనకూ పూర్తిగా తెలియకూడదు.

మా మేనల్లుడు ఇది విని, అట్లయితే చూస్తా మామా అన్నాడు. మీరేమంటారు? కొత్త సినిమా చూసినవాళ్లుంటే, తోడేలు సంగతి తర్వాత, ముందు ఆ తండ్రి గురించి మీ ఇంట్లో ఎవరేమన్నారో చెప్పండి. చూడనివాళ్లు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. సినిమా అయ్యాక టీవీ ఆపేసి, ఆయన చిన్నప్పుడు ఆయన నాయన దేనికి భయపెట్టేవాడో అడగండి. చాలా ఇళ్లల్లో ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు.